బొజ్జన్న మొక్కు

టాటా ఊళ్ళో, సిద్ధగోరా పేటలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పసిబిడ్డ ఏడుపు వినబడిందంటే, దాని వెనకాలే జోగమ్మ గొంతు కూడా వినబడేది. "ఊరుకో నాయనా, ఊరుకో. నిన్నేటి కొట్టేనా, తిట్టేనా? నీళ్ళేగదా పోత్తన్నాను" అని. పీటమీద కూచుని, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళమీద బిడ్డను పడుకోబెట్టి, ఒంటినిండా నూనె పట్టించి, నలుగు పెట్టి నీళ్ళు పోసేది. ఎంత గుక్కపట్టిన బిడ్డయినా, సాంబ్రాణి పొగ చూపించి గుడ్డలో చుట్టేసరికి కళ్ళు మూసేది. ఇక ఆ పూటకి బిడ్డకూ నిద్రే, బాలింతకూ నిద్రే. ఊరవతల పర్సుడీహ్ నుంచి కూడా రిక్షా పంపించి ఆవిణ్ణి పిలిపించుకునేవారు.

మనిషి మెత్తని మనిషి అనుకునేరు. చేతులే మెత్తన. నోరు మాత్రం పెద్దది. బాలింత సరిగ్గా తినకపోతే అత్తగారిని కడిగేసేది, మొగుడు గడప దగ్గర తచ్చాడుతుంటే "నీకిక్కడేటి పని?" అని వీధిలోకి తోలేసేది. అయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. అనుకున్నా పైకి అనే ధైర్యం ఎవరికుంది?

అంతమంది పిల్లలకి నీళ్ళు పోసిన ఆ చేతులకి సొంతబిడ్డ ఒక్కడే. ఆదిబాబు. వాడికంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు.

జోగమ్మది అనకాపల్లి పక్క ఊరు. ఊరికి దగ్గర్లోనే బొజ్జన్నకొండ. కొండలో రాతిని తొలిచిన గుహలున్నాయి. ఒక గుహ గుమ్మం మీద కళ్ళు దించుకుని కూచున్న మనిషి బొమ్మ చెక్కి ఉంది. ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో ఆ చుట్టుపక్కల ఒక్కరికీ తెలియదు. పేరు బొజ్జన్న కాబట్టి, మనుషుల్ని తిని బొజ్జ పెంచిన రాకాసి అయి ఉంటాడని ఊరివాళ్ళు తేల్చేశారు. కనుమనాడు జనమంతా వెళ్ళి ఆ రాకాసి పేరున రాళ్ళు విసిరేవారు. పీడ పోతుందని నమ్మకం. చిన్నప్పుడు జోగమ్మ కూడా విసిరింది. మగపిల్లల కంటే తన గురే బాగుండేదని గొప్పగా చెప్పుకునేది కూడా.

పెళ్ళయి, ఉక్కు కార్ఖానా కొలుముల్లో ఇటుక పేర్చే మేస్త్రీ తవిటయ్య వెంట రైలెక్కి టాటా వచ్చేసింది. బొజ్జన్నను అక్కడే వదిలేశాననుకుంది.

ఆదిబాబు పుట్టినప్పుడు ఎలకపిల్లంత ఉన్నాడు. పుట్టిన నెలకీ అలాగే ఉన్నాడు, మూడో నెలకీ అలాగే ఉన్నాడు. డాక్టరు మందిచ్చాడు. అత్తగారు నూకాలమ్మకి మొక్కింది. జోగమ్మ సింహాద్రప్పన్నకి తలనీలాలు మొక్కింది, పైడితల్లికి పసుపు చీర మొక్కింది. వాడి పక్కటెముకలు మాత్రం రోజురోజుకీ పైకి తేలుతూనే ఉన్నాయి. ఒకనాటి సాయంత్రం పట్టిన పాలు పట్టినట్టే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు. జోగమ్మకి పిలవడానికి ఇంకే దేవుడి పేరూ గుర్తు రాలేదు. పాలు తాగని ఆ ఖాళీ కడుపు చూస్తుంటే, కడుపున్నవాడొక్కడే గుర్తొచ్చాడు.

"ఓ బొజ్జన్నా!" అని గట్టిగా ఏడ్చేసింది. "అంత బొజ్జేసుకుని కూకున్నావు, అందల రవ్వంత నా గుంటడికియ్యి నాయనా. నానే వచ్చి నీ ఒళ్ళంతా నూని రాత్తాను. ఈణ్ణి తెచ్చి నీ ఒళ్ళో ఎడతాను. రాళ్ళేసేనని మనసుల ఎట్టుకోకు."

మర్నాడు వాడు పాలు తాగాడు. ఆ తరవాత రోజూ తాగాడు. డాక్టరు మందు పనిచేసిందన్నాడు తవిటయ్య. నూకాలమ్మ చలవన్నది అత్తగారు. జోగమ్మ వాణ్ణి కాళ్ళమీద వేసుకుని పూటపూటా నూనె రాసింది. ఏ ఎముక దగ్గర ఎంత నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో ఆ ఒంటిమీదే నేర్చుకుంది. ఆవిడ చేయి తిరిగింది అక్కడే.

మిగతా మొక్కులన్నీ ఒకదాని వెనక ఒకటి తీరిపోయాయి. బొజ్జన్నదే మిగిలిపోయింది. మొగుడితో చెప్తే అతను నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"కనుమనాడు రాళ్ళేయించుకునీవోడికి మొక్కేటే? ఎవలేనా ఇంటే మనకి మతి పోయిందనుకుంతారు."

అయినా పిల్లాడికి అయిదో ఏడు వచ్చినప్పుడు, పుట్టింటికి వెళ్ళిన జోగమ్మ ఎవరితోనూ చెప్పకుండా నూనె సీసా కొంగులో దాచుకుని, వాణ్ణి చెయ్యిపట్టుకుని కొండెక్కింది. తీరా చూస్తే బొజ్జన్న గుమ్మం మీద, అందనంత ఎత్తున ఉన్నాడు. నూనె రాయడానికి చెయ్యి అందలేదు. పిల్లాణ్ణి పెట్టడానికి ఒడి అందలేదు. కింద పశువులు కాస్తున్నవాళ్ళు చూసి, "ఓలప్పా, రాకాసికి తలంటుతావేటి?" అని ఒకటే నవ్వు. ఏడుపు మింగుకుని దిగి వచ్చేసింది. తల్లి పోయాక ఆ వైపు వెళ్ళే పని లేకపోయింది.

ఆదిబాబు గడకర్రలా ఎదిగాడు. ఒక కంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేరాడు. గుమ్మంలోంచి తల వంచి రావలసినంత పొడుగు. అంత కొడుకు వీధిలో నడిచి వస్తుంటే ఏ తల్లయినా మురిసిపోతుంది. జోగమ్మ మురిసేది, ఆ వెంటనే భయపడేది. వాడికి జ్వరం వచ్చినా, పనిలో వేలు నలిగినా, "బొజ్జన్న అడుగుతున్నాడు, నేనింకా ఇవ్వలేదు" అని రాత్రంతా కూచునేది. వాడికి పర్సుడీహ్‌లో సంబంధం కుదిరాక ఆ భయం మరీ ఎక్కువైంది. ఫాల్గుణంలో ముహూర్తం. తీరని మొక్కు మీద పెట్టుకుని వాణ్ణి పీటలమీద కూచోబెడితే, రేపు ఏదైనా జరిగితే, ఆ పిల్లకి ఏం జవాబు చెప్పాలి? ఒక పక్క పసుపు దంచుతూనే ఇదే ఆలోచన.

అలాంటప్పుడు, ఎనభై ఒకటో సంవత్సరం చలికాలంలో, కృపారావు మాస్టారు వాళ్ళ గుమ్మంలోకి వచ్చారు. ఆయన అదే ఊళ్ళో కాసిడీహ్ పేటలో బడిపంతులు. ఆదివారం పొద్దున చర్చి, మిగతా వారమంతా చరిత్ర పుస్తకాలు, అదీ ఆయన కాలక్షేపం. రాజగీర్, నలందా చూసి రావడానికి తెలుగువాళ్ళందరికీ కలిపి బస్సు మాట్లాడుతున్నారట.

"నలందా అంటే ఏటి బాబూ? గుడేనా?" అంది జోగమ్మ, రోకలి ఆపకుండానే.

"ఒక్క గుడి కాదమ్మా, బోలెడు గుళ్ళు. పెద్ద పట్నంలాగా ఉండేది. దేశదేశాల నుంచి సన్యాసులు చదువుకోవడానికి వచ్చేవారు. ఇప్పుడు ఎవరూ లేరు. గోడలే మిగిలాయి."

"ఎవలూ లేని ఊరెల్లి ఏటి సూత్తాం?"

"బుద్ధుణ్ణి చూస్తారు. మీ ఊరి కొండమీద ఉన్నాడు కదా, ఆయన్నే."

"మా కొండమీదున్నోడు బుద్ధుడు కాదు బాబూ, బొజ్జన్న."

"ఆ బుద్ధన్నే అందరి నోళ్ళల్లో నలిగి నలిగి బొజ్జన్న అయ్యాడమ్మా."

రోకలి ఆగిపోయింది. "మరి బొజ్జో?" అంది.

మాస్టారు నవ్వారు. "ఆయనకి బొజ్జెక్కడిదమ్మా! తిండి మానేసి తపస్సు చేశాడు. కడుపు వీపుకి అంటుకుపోయి, ఎముకలు లెక్కపెట్టేటట్టు అయిపోయాడు. చివరికి ఎవరో ఒక ఇల్లాలు పాయసం తెచ్చి పెడితే అది తాగి లేచాడు."

జోగమ్మ రోకలి గోడకి ఆనించింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి మాస్టారు తానేమైనా తప్పు మాట అన్నానా అని కంగారుపడ్డారు.

"ఓలమ్మో! లేనోణ్ణడిగేనా నాను!" అంది చివరికి. "రాళ్ళేసి, తిట్టి, మళ్ళీ ఆడికాడికే ఎల్లి బొజ్జియ్యమన్నాను. తనకే లేదు. అయినా ఇచ్చేడు బాబూ, ఇచ్చీసేడు."

రెండు సీట్లు రాసుకోమంది. తవిటయ్యకి సెలవు లేదు కాబట్టి తోడుగా కొడుకు.

ఆ కొడుకు ఈ సంగతి విని తల పట్టుకున్నాడు. తల్లి తెలుగులో ఏది అడిగినా హిందీలో జవాబు చెప్పడం వాడికి అలవాటు. "క్యా అమ్మా, ఫిర్ వహీ బొజ్జన్న?" అన్నాడు. మళ్ళీ అదే గొడవా అని. వస్తానన్నాడు, నూనె సీసా కూడా మోస్తానన్నాడు. ఒడి సంగతి ఎత్తితే మాత్రం బస్సే ఎక్కనన్నాడు. "బచ్చా హూఁ క్యా? లోగ్ హఁసేంగే." నేనేమైనా చంటిపిల్లాణ్ణా, జనం నవ్వుతారు, అని. పెళ్ళికొడుకును పట్టుకుని రాతిబొమ్మ ఒళ్ళో పెడతానంటే, పర్సుడీహ్‌లో తెలిస్తే, తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వాడి బాధ వాడిది.

"సర్లే, రా ముందు" అంది జోగమ్మ.

బస్సులో అందరూ అంత్యాక్షరీ ఆడుతుంటే ఆవిడ నువ్వులనూనె సీసా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూచుంది. నలందా చేరేసరికి పొగమంచు విడిపోయి ఎండ తగులుతోంది.

లోపలికి అడుగుపెట్టగానే ఎర్ర ఇటుక గోడలు. ఎటు చూసినా గోడలే. పైకప్పు ఒక్కదానికీ లేదు. ఆవిడ పాడుబడ్డ ఊరంటే దయ్యాల దిబ్బ అనుకుంది. చూస్తే ఎవరో ఇప్పుడే తుడిచి వెళ్ళినట్టుంది. వరసగా గదులు, గదిలో పడుకోవడానికి అరుగు, మధ్యలో వాకిలి, వాకిట్లో బావి, వాడిన నీళ్ళు పోవడానికి కాలవ. ఒకచోట పొయ్యిలు కూడా ఉన్నాయి. ఇటుక చూడగానే మొగుడు గుర్తొచ్చాడు. వచ్చి ఉంటే గోడ గోడకీ వేలితో తట్టి చూసేవాడు, బస్సు వెళ్ళిపోయినా కదిలేవాడు కాదు. మాస్టారు ముందు నడుస్తూ ఏ గది ఎందుకో చెప్తున్నారు. జోగమ్మ మాత్రం పొయ్యిల దగ్గరే ఆగిపోయింది. తల్లుల్ని వదిలేసి ఎక్కడెక్కడి నుంచో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కదా. వాళ్ళకి ఇక్కడ ఎవరో వేళకి వండిపెట్టారు, నీళ్ళు తోడిచ్చారు. ఆ వండినవాళ్ళెవరో గాని చల్లగా ఉండాలి అనుకుంది. వాళ్ళు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో అన్న ధ్యాస ఆవిడకి లేదు.

పెద్ద గుడి దగ్గరికి వచ్చారు. కొండలా ఉంది, పక్కన మెట్లు. గోడ గూళ్ళల్లో వరసగా కూచున్న బొమ్మలు. అవే దించుకున్న కళ్ళు. మరేమీ అడగకుండానే జోగమ్మ గుర్తుపట్టింది. "ఈడే! ఈడే మా బొజ్జన్న!" అని సీసా మూత తీసి ముందుకు వెళ్ళిందో లేదో, కాపలావాడు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నూనె కాదు కదా, చెయ్యి కూడా తగలకూడదు. సర్కారు వారి ఆజ్ఞ. మాస్టారు సర్దిచెప్పబోయారు. కాపలావాడు ససేమిరా అన్నాడు. అతని తప్పేమీ లేదు. అలా అందరూ నూనె పోస్తే ఆ బొమ్మలు ఉంటాయా?

జోగమ్మ మెట్టుమీద కూలబడిపోయింది. ఊళ్ళో ఎత్తు అడ్డం వచ్చింది, ఇక్కడ ఈల అడ్డం వచ్చింది. "నా సేత్తో ఏదీ ఒద్దనుకున్నావేటి నాయనా" అంటూ ముక్కు చీదుకుంది. ఆదిబాబుకి లోపల్లోపల హమ్మయ్య అనిపించింది. తల్లి మొహం చూశాక ఆ హమ్మయ్య ఎక్కువసేపు నిలవలేదు. సీసా మూత బిగించి తనే పట్టుకున్నాడు.

కాపలావాడికే మనసొప్పలేదు. కాస్త దూరం వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు. "తేల్ చఢానా హై తో తేలియా బాబా కే పాస్ జాయియే, మాఁజీ" అన్నాడు. నూనె పొయ్యాలంటే నూనె బాబా ఉన్నాడుగా, వెళ్ళు తల్లీ, అని. శిథిలాల వెనకాల, ఊరి వైపు దారి చూపించాడు.

ఆ బాబా చుట్టూ చిన్న ప్రహరీ. నిలబడ్డ మనిషంత నల్లరాతి విగ్రహం, నేలమీదే కూచుని ఉంది. ఎన్నేళ్ళ నుంచి పోస్తున్న నూనెకో నల్లగా నిగనిగలాడుతోంది. ఇక్కడా అవే దించుకున్న కళ్ళు. ఒడి మోకాలి ఎత్తున, చాపిన చేతికి అందేటట్టుంది. ముందు నలుగురైదుగురు పల్లె ఆడవాళ్ళు, వాళ్ళ చంకల్లో బక్కచిక్కిన పిల్లలు. ఒక్కొక్కరే వచ్చి ఆవనూనె బాబాకి రాసి, అదే చేత్తో బిడ్డకి రాస్తున్నారు. బాబా బలంగా, నిండుగా ఉంటాడు కాబట్టి బిడ్డలు కూడా అలా కావాలని ఇక్కడివాళ్ళ మొక్కు అని మాస్టారు ఎవరినో అడిగి వచ్చి చెప్పారు. చెప్పి, ఇక్కడ తన పని లేదనుకున్నారేమో, మిగతావాళ్ళని పోగుచేయడానికి వెళ్ళిపోయారు.

జోగమ్మ కొడుకు చేతిలోంచి నూనె సీసా తీసుకుంది. ఇంత దూరంలో, తన భాష రాని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు తను అడిగిందే అడుగుతున్నారు, తను అడిగినవాణ్ణే అడుగుతున్నారు. తను ఒక్కతే మతిలేనిది అనుకుంది ఇన్నాళ్ళూ.

చెప్పులు విడిచింది. కొంగు బిగించి దోపింది. అందరిలా చేత్తో కాస్త అద్ది ఊరుకోలేదు. గుండెల దగ్గర మొదలుపెట్టి భుజాలదాకా, భుజాల నుంచి మోచేతుల దాకా, తన కాళ్ళమీద పడుకున్న బిడ్డకి రాసినట్టే రాసింది. అరిచేతులు రుద్దింది. పాదాలు రుద్దింది. వేళ్ళ సందులు కూడా వదల్లేదు. "ఎన్నాళ్ళైపోయిందో నాయనా, ఇక్కడే కూకున్నావు, నడుం పట్టీసుంతాది" అంటూ నడుం కూడా రుద్దింది. పల్లె ఆడవాళ్ళు తమ పని మానేసి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.

"సల్లగుండు బొజ్జన్నా" అంది చివరికి, రెండు చేతులూ ఆ మోకాళ్ళమీద పెట్టి. "నువ్విచ్చిన కొడుకు. బాగున్నాడు. పెళ్ళి సేత్తన్నాను. తెలీక రాళ్ళేసేను. తెలీకే నిన్నడిగేను. నువ్వు మాత్రం అన్నీ తెలిసే ఇచ్చేవు. ఈ మాట నీకు సెప్పాలనే బతికున్నాను."

ఆదిబాబు ప్రహరీ గుమ్మం దగ్గరే, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తల్లి తనకేసి చూస్తుందేమో, రమ్మంటుందేమో అని చూపు తప్పిస్తున్నాడు. జోగమ్మ పిలవలేదు. "ఆడు రాడు నాయనా, సిగ్గు. సగం మొక్కే తీరింది. మిగిలింది నా మీదే ఎట్టుకో, ఆడి మీద కాదు" అని మెల్లగా చెప్పుకుంది. ఆ మాట ఆదిబాబుకి వినబడింది.

పక్కనున్న ఒక చిన్న వయసు తల్లి జోగమ్మ చెయ్యి తాకింది. బాబా నిజంగా ఇస్తాడా అని హిందీలో అడిగింది. జోగమ్మ హిందీ సగం తెలుగే. అయినా ఆ వేళ ఎక్కడా తడుముకోలేదు.

"దేతా అమ్మా, దేతా! ఏ మేరా కొడుకు. ఇత్తాసా థా, సుట్టంత" అని చిటికెనవేలు చూపించి, గుమ్మంలో నిలబడ్డ ఆదిబాబును చూపించింది.

ఆ పిల్ల ఆదిబాబును కిందనుంచి మీదిదాకా చూసింది. గబగబా అతని దగ్గరికి వెళ్ళి, బాబా బతికించినవాడి చెయ్యి తగిలితే చాలన్నట్టు తన బిడ్డను అతని చేతుల్లో పెట్టేసింది. జేబుల్లోంచి చేతులు తీయడానికే వాడికి వ్యవధి లేకపోయింది. బిడ్డ ఆడపిల్ల. నూనె ఒంటితో జారిపోతోంది. బరువన్నదే లేదు. అరిచేతికి పక్కటెముకలు తగులుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట లోపలికి పోతోంది. ఏడవడం లేదు. కళ్ళు మాత్రం తెరిచి వాడినే చూస్తోంది.

బిడ్డ ఎక్కడ జారుతుందోనని భయపడి, ఆదిబాబు చిన్నగా నడుచుకుంటూ వచ్చి బాబా ఒడికి వీపు చేసి నేలమీద కూచున్నాడు. బిడ్డను గుండెకి ఆనించుకున్నాడు.

"అమ్మా" అన్నాడు. "నానూ ఇలగే ఉండీవోణ్ణా?"

"ఇందల సగం లేవు నువ్వు" అంది జోగమ్మ.

వాడు వెనక్కి ఒరిగి, ఆ నల్లరాతి ఒడిలో తల ఆనించాడు. కొత్త చొక్కా అంతా నూనె అయిపోయింది. పెళ్ళికొడుకునన్న సంగతి గాని, చుట్టూ ఆడవాళ్ళు చూస్తున్న సంగతి గాని వాడికి గుర్తున్నట్టు లేదు. జోగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ మోసిన బరువు ఒక్కసారి దిగితే ఒళ్ళు తూలుతుంది కదా, పక్కనున్న గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"మరెలగ బతికించేవే అమ్మా నన్ను?" అన్నాడు ఆదిబాబు, తల ఎత్తకుండానే.

"నానేటి, ఆయన గాని" అని జోగమ్మ గడ్డంతో విగ్రహాన్ని చూపించింది.

వాడు అటు తిరిగి చూడలేదు. బిడ్డను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో తల్లి చేతిని, నూనె కారుతున్నదాన్ని కారుతున్నట్టే పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అవతల బస్సు హారను మోగిస్తున్నారు, మాస్టారు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం జోగమ్మకు చేతకాలేదు.